మీకు తెలుసా? శనగగింజంత గడ్డ వెనక ఏళ్ల కథ
రొమ్ములో చేతికి తగిలిన శనగగింజంత క్యాన్సర్ గడ్డ నిన్నమొన్న పుట్టింది కాదు. ఒక్క కణం రెండై, రెండు నాలుగై, దాదాపు 30 సార్లు రెట్టింపైతేనే అది సెంటీమీటరు గడ్డ అవుతుంది. అప్పటికి అందులో సుమారు 100 కోట్ల కణాలుంటాయి! ఇందుకు చాలామందిలో ఏళ్లు పడుతుంది. తొలినాళ్లలో తరచూ నొప్పి ఉండదు, చిక్కంతా అక్కడే. చర్మం బత్తాయి తొక్కలా గుంటలు పడినా, చనుమొన కొత్తగా లోపలికి లాక్కుపోయినా చూపించుకోవాల్సిందే.

గడ్డ 2 సెంటీమీటర్లు దాటక, చంకలోని లింఫు గ్రంథులకు పాకకపోతే మొదటి దశ. ఎముకలు, ఊపిరితిత్తులు, కాలేయం లాంటి చోట్లకు చేరితే నాలుగోది. ఎముకకు పాకినా దాన్ని రొమ్ము క్యాన్సర్ అనే అంటారు.

క్యాన్సర్ చికిత్సకు నర్సీపట్నం వాళ్లు హైదరాబాదు దాకా పోనక్కర్లేదు. విశాఖ దారిలో అగనంపూడి దగ్గరే టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.