మీకు తెలుసా? సూరత్‌లో మెమోకు బదులు పువ్వు

2022 దీపావళికి గుజరాత్ ట్రాఫిక్ పోలీసులకు జరిమానాలు వద్దు, పువ్వులివ్వండని ప్రభుత్వమే చెప్పింది. ఆ మాట వెలువడింది సూరత్‌లో. అప్పటి హోం శాఖ సహాయ మంత్రి హర్ష్ సంఘవీ ఆ ఊళ్లోని మజూరా నియోజకవర్గం ఎమ్మెల్యే. అక్టోబర్ 21 నుంచి 27 దాకా హెల్మెట్ లేకుండా దొరికినా, లైసెన్సు లేకుండా దొరికినా పైసా కట్టనక్కర్లేదు, పోలీసు ఒక పువ్వు చేతిలో పెట్టి నిబంధన గుర్తుచేస్తాడని ఆయన ప్రకటించారు. అలాగని రూల్స్ గాలికొదిలేయమని కాదని కూడా ఆయనే అన్నారు. డిసెంబర్ మొదటి వారంలో అసెంబ్లీ ఎన్నికల పోలింగ్ జరిగింది. ఈ రెంటినీ కలిపి చదువుకోవడమా, విడివిడిగా చదువుకోవడమా అన్నది మీ ఇష్టం.

మనం చలాన్ అనేదాన్ని సూరత్‌లో మెమో అంటారు. కెమెరా పంపితే ఈ-మెమో. లింబాయత్ వైపు పవర్‌లూమ్‌ల మీద బతికే మన పద్మశాలి కుటుంబాలకూ ఇది కొత్త మాటేం కాదు. అయితే ఈ-మెమో బండి నడిపినవాడిని వెతుక్కుంటూ రాదు. కెమెరా నంబరు ప్లేటు చదువుతుంది, ఆర్‌సీలో ఉన్న పేరు పట్టుకుంటుంది, ఆ చిరునామాకు నోటీసు వెళ్తుంది. సెకండ్‌హ్యాండ్ బండి కొని పేరు మార్పించుకోకుండా తిరిగేవాడు ఉధనా దర్వాజా దగ్గర రెడ్ సిగ్నల్ దాటితే, ఆ మెమో ఎప్పుడో బండి అమ్ముకుని ఊరుకున్న పాత యజమాని గడప తొక్కుతుంది. అదే కూడలిలో పోలీసు చెయ్యి చాపితే ఆగేది నడిపేవాడే. పాత యజమానితో వాడికి పనిలేదు.

సూరత్ పోలీసులు కెమెరాలను మరీ ఆలస్యంగా ఏం తెచ్చుకోలేదు. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంతో సేఫ్ సిటీ ప్రాజెక్టు 2013 జనవరిలోనే మొదలైంది. ప్రారంభించింది అప్పటి ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ. పోలీసు కమిషనర్ ఆఫీసులో గోడంత తెర పెట్టి, ఊరి కూడళ్లను అక్కడినుంచే చూడటం మొదలుపెట్టారు.

స్పీడ్ కెమెరాకు పేరు తెచ్చిన మనిషి పోలీసూ కాదు, రవాణా అధికారీ కాదు. మౌరిస్ గాట్సోనిడెస్ అనే డచ్ రేసు డ్రైవరు. 1953లో మాంటే కార్లో ర్యాలీ గెలిచినవాడు. మలుపుల్లో తన కారు ఎంత వేగంగా పోతోందో కొలుచుకుని, ఇంకా వేగంగా పోవడానికి ఆ పరికరం తయారుచేసుకున్నాడు. బ్రిటన్‌లో రోడ్డు పక్క కెమెరాను ఇప్పటికీ ఆయన పేరు మీదే ‘గాట్సో’ అని తిట్టుకుంటారు.

మన దేశంలో కెమెరా దాక్కోకూడదు. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 2021 ఆగస్టులో చేర్చిన 167ఎ ప్రకారం, నిఘా ఉన్న రోడ్డులో ఆ సంగతి చెప్పే బోర్డు కనబడేలా ఉండాలి. పరికరానికి ఏటేటా ఆమోద పత్రం తీసుకోవాలి. తప్పు జరిగిన 15 రోజుల్లో నోటీసు పంపాలి. స్పీడ్ కెమెరాతో పాటు స్పీడ్ గన్, పోలీసు ఒంటిమీది కెమెరా కూడా ఈ జాబితాలోనే ఉన్నాయి. మీకు ఈ-మెమో వస్తే జరిమానా మొత్తం చూసి గుండెలు బాదుకునే ముందు తేదీలు చూడండి.

ఇక స్పీడ్ గన్. చూడ్డానికి యంత్రమే, లోపల సగం మనిషి. లేజర్ వెలుగు బండికి తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి వేగం లెక్కగడుతుంది. కానీ వరసగా వస్తున్న పది బండ్లలో దేనికి గురిపెట్టాలో తేల్చేది దాన్ని పట్టుకున్న చెయ్యే. హైదరాబాద్‌లో కూడలి పక్కన నిలబడి వెనకనుంచి ఫొటో తీసే కానిస్టేబుల్ కూడా ఇదే కోవలోకి వస్తాడు. బేరమాడే వీలు పోయింది, ఎంచుకునే వీలు పోలేదు.

అమెరికాలో దీన్ని లెక్కలేసి మరీ చూశారు. ఫ్లోరిడాలో వేగపరిమితిని 10 మైళ్లు దాటితే జరిమానా ఒక్కసారిగా పెరుగుతుంది. హైవే పోలీసులు రాసిన టికెట్లు తీసి చూస్తే, అసాధారణంగా ఎన్నో సరిగ్గా 9 మైళ్ల దగ్గరే ఆగాయి. అంటే ఎక్కువ వేగంతో దొరికినవాళ్లకు కూడా దయతలచి 9 అని రాస్తున్నారు. ఆ దయ నల్లజాతి, హిస్పానిక్ డ్రైవర్లకు తక్కువగా దొరికిందని కూడా తేలింది. అలాగని పోలీసును రోడ్డుమీంచి తీసేస్తే? ఒరెగాన్ రాష్ట్రం 2003లో డబ్బుల్లేక రోడ్ల మీద పనిచేసే రాష్ట్ర పోలీసుల్లో మూడో వంతు మందిని తీసేసింది. హైవేల మీద చావులు, గాయాలు పెరిగాయని తర్వాత అధ్యయనం చేసినవాళ్లు తేల్చారు.

సూరత్ కూడళ్లలో కనిపించే యూనిఫాం అంతా పోలీసుది కాదని తెలుసా? ట్రాఫిక్ బ్రిగేడ్ జవాన్లు, అంటే టీఆర్‌బీ వాళ్లు, రోజు భత్యం మీద పనిచేసే సహాయకులు. ట్రాఫిక్ నడిపించడమే వాళ్ల పని, మెమో రాసే అధికారం లేదు. వీళ్లు డబ్బు గుంజుతున్నారని 2022 ఆగస్టులో ఒక న్యాయవాది సూరత్ రోడ్డు మీద ఫేస్‌బుక్ లైవ్ పెడితే, ఆ లైవ్ నడుస్తుండగానే ఆయన మీద దాడి జరిగింది. కెమెరాలు కావాలని జనం ఎందుకు అడుగుతారో ఇంతకంటే వివరం అక్కర్లేదు.

అయితే కానిస్టేబుల్ చేతిలోంచి తీసేసిన దయాదాక్షిణ్యం ఎక్కడికీ పోలేదు, రెండు మూడు అంతస్తులు పైకెక్కి కూర్చుందని నాకనిపిస్తుంది. 2019 సెప్టెంబర్‌లో కేంద్రం జరిమానాలు పెంచితే, వారం పది రోజుల్లోనే గుజరాత్ హెల్మెట్ జరిమానాను వెయ్యి నుంచి 500కు దించింది. డిసెంబర్‌లో నగరాల్లో హెల్మెట్ ఐచ్ఛికం అంది. మరుసటి నెలలోనే ఆ మాట వెనక్కి తీసుకుంది. మన తెలంగాణ 2022 మార్చిలో టూవీలర్ల పెండింగ్ చలాన్లలో 75 శాతం, 2023 డిసెంబర్ చివర్లో 80 శాతం మాఫీ చేసింది. కట్టకుండా ఓపిక పట్టినవాడికి లాభం, బుద్ధిగా కట్టేసినవాడికి బోడిగుండు. కానిస్టేబుల్ ఒకణ్ని వదిలేస్తే లంచమా అని అనుమానిస్తాం. ప్రభుత్వం లక్షలమందిని వదిలేస్తే పథకం అంటాం. సూరత్‌లో 2025 ఫిబ్రవరి 15 నుంచి హెల్మెట్ నిబంధనను మళ్లీ గట్టిగా అమలుచేయడం మొదలుపెట్టారు.

కెమెరాలు ఎన్ని పెట్టినా చేయలేని పని ఒకటి జనవరి 14, 15 తేదీల్లో సూరత్‌లో కనిపిస్తుంది. ఉత్తరాయణ్ పతంగుల మాంజా బండివాడి మెడకు తగిలి ప్రాణాలు పోతాయి. అందుకే ఆ రెండు రోజులు ఫ్లైఓవర్ల మీదికి టూవీలర్లను రానివ్వరు. ఫ్లైఓవర్ మొదట్లోనే పోలీసు అడ్డంగా నిలబడతాడు. పైనుంచి ఫొటో తీసి నాలుగు రోజులకు మెమో పంపితే అక్కడ ఏం లాభం?

చివరగా మరొకటి. మోటారు వాహన చట్టంలో 2019లో చేర్చిన 210బి సెక్షన్ ప్రకారం, ఈ చట్టాన్ని అమలుచేసే అధికారి తానే తప్పు చేస్తే మామూలు జనం కట్టేదానికి రెట్టింపు కట్టాలి. హెల్మెట్ లేకుండా బుల్లెట్ మీద పోయే ఖాకీ చొక్కా ఈసారి కనబడితే ఈ సెక్షన్ నంబరు గుర్తు తెచ్చుకోండి.