పాత సామాన్ల తూకానికి రానిది

పొద్దున్నే పాల ప్యాకెట్ మూల కత్తిరిస్తే గోరంత ముక్క తెగి పడుతుంది. ప్యాకెట్‌నైతే ఎవరో ఒకరు ఏరుకుంటారు. ఆ ముక్కను ఎవరూ ఏరరు, కాలువలో కొట్టుకుపోతుంది. మూల పూర్తిగా తెగిపోకుండా కాస్త అంటుకుని ఉండేలా కోస్తే చాలు, రెండూ కలిసే వెళతాయి.

పాల ప్యాకెట్ పాలిథిన్. కరిగించి గుళికలు చేస్తే మళ్లీ సంచులో, పైపులో అవుతుంది. కానీ అడుగున మిగిలిన పాలచుక్కలతో, కూరగాయల తొక్కలతో కలిపి చెత్త బండికి వేస్తే మర్నాటికే కుళ్లి కంపు కొడుతుంది. ఆ సంచి విప్పి చేత్తో వేరుచేసేది ఒక మనిషి. ప్యాకెట్లో కాసిని నీళ్లు పోసి ఆడించి, ఆ నీళ్లు మొక్కకు పోసి, ప్యాకెట్‌ను తీగ మీద ఆరేయడానికి అర నిమిషం పట్టదు. తడి చెత్తను, పొడి చెత్తను వేరుచేసి ఇవ్వాలని 2016 నాటి నిబంధనల్లోనే ఉంది.

ప్లాస్టిక్ అంతా ఒకటి కాదు. సీసా అడుగున చిన్న త్రికోణంలో 1 నుంచి 7 దాకా ఏదో ఒక అంకె ఉంటుంది. అది ప్లాస్టిక్ రకాన్ని చెబుతుందే కానీ, మళ్లీ వాడకానికి వస్తుందని హామీ ఇవ్వదు. మంచినీళ్ల సీసా 1, అంటే పెట్. దాన్ని ముక్కలు చేసి కరిగించి దారం తీస్తారు, ఆ దారంతో చొక్కాలు కూడా నేస్తారు. సీసా మూత మాత్రం వేరే రకం. నమ్మకం కుదరకపోతే రెండింటినీ చిన్న ముక్కలు చేసి బకెట్ నీళ్లలో వేసి చూడండి: మూత ముక్కలు తేలతాయి, సీసా ముక్కలు మునుగుతాయి. కార్ఖానాల్లోనూ పెద్ద తొట్లలో ఇలాగే వేరుచేస్తారు. పెట్ కరగాలంటే 250 డిగ్రీల దాకా వేడి కావాలి, పాలిథిన్‌కు అందులో సగం చాలు. అందుకే రెండూ కలిపి కరిగిస్తే పనికొచ్చే సరుకు రాదు.

చిప్స్ ప్యాకెట్ సంగతి వేరు. లోపల వెండిలా మెరిసేది పలచని అల్యూమినియం పూత. పొరలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, విడదీయడం గిట్టుబాటు కాదు. కడిగి ఆరబెట్టి ఇచ్చినా పాత సామాన్లు కొనే ఆయన తూకం వేయడు. ఇలాంటివాటిలో కొన్ని సిమెంటు ఫ్యాక్టరీల బట్టీల్లో ఇంధనంగా కాలిపోతాయి, చాలావరకు చెత్తకుప్పల్లోనే ఉండిపోతాయి. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు, చెంచాలు, పళ్లేలు నిషేధించారు. ఈ ప్యాకెట్లు, షాంపూ సాషేలు ఆ జాబితాలో లేవు. ఉండాల్సిందని నా అభిప్రాయం.

అందుకే మా ఇంట్లో త్రికోణం కన్నా తక్కెడనే ఎక్కువ నమ్ముతాం. ఆయన తీసుకున్నవి శుభ్రంగా దాచి ఇస్తాం. వద్దని పక్కన పెట్టినవి చూసుకుని వచ్చే నెల సరుకుల చీటీ రాస్తాం. సాషేల దండ పోయి షాంపూ పెద్ద సీసా వచ్చింది అలాగే.