ఫోర్ట్ కొచ్చి హోంస్టేలు: పాత ఇళ్లలో కొత్త ఆతిథ్యం

కేరళలోని ఫోర్ట్ కొచ్చిలో ఏ వీధికి వెళ్లినా హోంస్టే బోర్డు కనిపిస్తుంది. కుటుంబం కాపురముంటున్న ఇంట్లోనే కొన్ని గదులు యాత్రికులకు అద్దెకిచ్చి, పొద్దున్నే టిఫిన్ పెట్టే పద్ధతి ఇది. బ్రిటన్, ఐర్లాండ్‌లలో దీన్ని బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ అంటారు. మన దేశంలో ఈ పద్ధతి బాగా వేళ్లూనుకున్న చోట్లలో ఫోర్ట్ కొచ్చి ఒకటి. ఆ ఊరి చరిత్ర, అక్కడి ఇళ్ల కట్టుబడి రెండూ అందుకు కలిసొచ్చాయి.

ఊరి కథ

1341లో పెరియార్ నదికి వచ్చిన పెనువరదకు పాత ముజిరిస్ రేవు దెబ్బతిని, కొచ్చి దగ్గర సముద్రానికి కొత్త దారి తెరుచుకుందని చెబుతారు. ఆ తర్వాత మిరియాల వ్యాపారం కొచ్చికి మళ్లింది. 1500లో పోర్చుగీసులు వచ్చారు. కొచ్చి రాజు అనుమతితో 1503లో కోట కట్టారు. ఊరి పేరులోని ‘ఫోర్ట్’ ఆ కోటదే. 1663లో డచ్చివారు దాన్ని గెలుచుకున్నారు. 1795లో ఊరు ఆంగ్లేయుల చేతికి పోయింది. కోట గోడలు చాలావరకు కూలిపోయినా, మూడు దేశాల వాళ్లు వేసిన వీధులు, కట్టిన ఇళ్లు, గోదాములు మిగిలాయి. మచిలీపట్నం, భీమునిపట్నాల్లోనూ డచ్చివారు వర్తక స్థావరాలు నడిపారు కాబట్టి తెలుగువారికి ఈ చరిత్ర మరీ కొత్తది కాదు.

చూడవలసినవి చాలావరకు నడక దూరంలోనే ఉంటాయి. 1524లో కొచ్చిలో కన్నుమూసిన వాస్కో డ గామాను మొదట సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలోనే పాతిపెట్టారు. తర్వాత అవశేషాలను పోర్చుగల్‌కు తరలించారు. సమాధి రాయి మాత్రం చర్చిలో ఇప్పటికీ ఉంది. ఇప్పుడున్న శాంతాక్రూజ్ బసిలికా 1905 నాటిది. 1568లో యూదులు కట్టుకున్న సినగాగ్, పోర్చుగీసులు కట్టించి కొచ్చి రాజుకు ఇచ్చిన ప్యాలెస్ రెండూ ఊరి పక్కనున్న మట్టంచేరిలో ఉన్నాయి. ఆటోలో వెళ్తే కొద్ది నిమిషాల దారి.

ఒడ్డున వరసగా కనిపించే చైనా వలలు ఊరికి గుర్తుగా నిలిచాయి. టేకు దూలాలు, వెదురు గడల చట్రానికి పెద్ద వల కట్టి ఉంటుంది. రెండో కొసన తాళ్లకు బండరాళ్లు వేలాడుతుంటాయి. ఒక మనిషి దూలం మీద ముందుకు నడిస్తే ఆ బరువుకే వల నీళ్లలోకి దిగుతుంది. కాసేపయ్యాక నలుగురైదుగురు తాళ్లు లాగితే, రాళ్ల బరువు తోడై వల పైకి లేస్తుంది. ఒకప్పటిలా చేపలు పడకపోయినా, పడినవాటిని అక్కడికక్కడే అమ్ముతారు.

ఇల్లు, గది, టిఫిన్

ఇక్కడి పాత ఇళ్లకు మందపాటి గోడలు, వాటిపై సున్నపు పూత, వాలు పెంకుటి కప్పు, ఎత్తైన కిటికీలు ఉంటాయి. మేడ మీద చాలాచోట్ల చెక్క నేలే. వీధుల్లో నిద్రగన్నేరు చెట్లు గొడుగు పట్టినట్టు ఉంటాయి. పిల్లలు ఉద్యోగాలకు గల్ఫ్ దేశాలకో పెద్ద నగరాలకో వెళ్లిపోతే ఇలాంటి ఇళ్లలో గదులు ఖాళీ పడతాయి. వాటిని బాగుచేయించి అతిథులకు ఇస్తే రాబడి వస్తుంది, పాత ఇంటి మరమ్మతు ఖర్చూ కొంత గడుస్తుంది. 2012 డిసెంబరులో మొదలైన కొచ్చి-ముజిరిస్ బియన్నాలే కళా ప్రదర్శన గదుల గిరాకీని ఇంకా పెంచింది. అది జరిగినప్పుడల్లా మూడు నెలలకు పైగా దేశదేశాల నుంచి జనం వస్తారు.

హోటల్లో దొరకనిది టిఫిన్ బల్ల దగ్గర దొరుకుతుంది. పుట్టు, నల్ల శనగల కూర, అప్పం, కొబ్బరిపాలతో చేసే ఇష్టు, ఇడియప్పం, గుడ్ల కూర, నేంద్రం అరటిపండు ఇక్కడ మామూలుగా పెట్టేవి. పుట్టుకు బియ్యప్పిండిని వేయించి ఉప్పునీళ్లు చిలకరిస్తారు. పిడికిట్లో నొక్కితే ముద్ద కావాలి, వేళ్లతో నలిపితే పొడిగా రాలాలి. అదే దాని పదును. పిండిని, కొబ్బరి కోరును పొరలు పొరలుగా గొట్టంలో నింపి ఆవిరికి పెడతారు. ఉడికాక వెనకనుంచి కడ్డీతో తోస్తే తెల్లటి దిమ్మె పళ్లెంలోకి జారుతుంది. దాన్ని శనగల కూరతో గానీ, అరటిపండుతో పిసికి గానీ తింటారు. కొన్ని ఇళ్లలో అడిగితే వంట దగ్గరుండి చూపిస్తారు కూడా.

ఊరి కబుర్లు కూడా టిఫిన్ దగ్గరే తెలుస్తాయి. పడవ ఎన్ని గంటలకు, కథాకళి ఎక్కడ, చేపలు ఎవరి దగ్గర కొనాలి అన్నవి ఇంటివారే చెబుతారు. మట్టంచేరి ప్యాలెస్‌కు శుక్రవారం, సినగాగ్‌కు శనివారం సెలవన్న సంగతి ముందే తెలిస్తే రోజు వృథా కాదు.

నిబంధనలు

కేంద్ర పర్యాటక శాఖ పథకం ప్రకారం ఇలాంటి ఇంట్లో ఒకటి నుంచి ఆరు గదుల వరకు, మొత్తం 12 పడకలకు మించకుండా అద్దెకివ్వవచ్చు. యజమాని కుటుంబం అదే ఇంట్లో ఉండాలి. వసతులను బట్టి గోల్డ్, సిల్వర్ అనే రెండు తరగతులు ఇస్తారు. కేరళ ప్రభుత్వం వీటికి పైన డైమండ్ తరగతిని కూడా పెట్టింది. అతిథులు గుర్తింపు కార్డు చూపించాలి. విదేశీయులు దిగితే 24 గంటల్లోగా వారి వివరాలను అధికారులకు పంపడం యజమాని బాధ్యత.

అతిథికీ కొన్ని మర్యాదలున్నాయి. ఇది ఇల్లు కాబట్టి రాత్రి పొద్దుపోయాక వచ్చేట్టయితే ముందే చెప్పాలి. శాకాహారమే కావాలంటే గది మాట్లాడుకునేటప్పుడే అడగాలి, ఎందుకంటే చాలా ఇళ్లలో చేప నిత్యం వండుకునేదే. గదికి ఏసీ ఉందా, దోమతెర ఉందా, మెట్లెక్కాలా అన్నవి కూడా పెద్దవాళ్లతో వెళ్లేవారు కనుక్కోవాలి.

ఎప్పుడు, ఎలా

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు జోరుగా ఉంటాయి, అద్దెలు తగ్గుతాయి. అక్టోబరు నుంచి మార్చి దాకా రద్దీ కాలం. డిసెంబరు చివర్లో కొచ్చి కార్నివాల్ జరుగుతుంది. కొత్త సంవత్సరం అడుగుపెట్టే వేళ పాపాంజి అనే పెద్ద బొమ్మను తగలబెడతారు. ఆ రోజుల్లో గది కావాలంటే చాలా ముందుగా మాట్లాడుకోవాలి.

సికింద్రాబాద్ నుంచి తిరువనంతపురం వెళ్లే శబరి ఎక్స్‌ప్రెస్ ఎర్నాకుళం టౌన్‌లో ఆగుతుంది. శబరిమల వెళ్లే తెలుగు భక్తులకు ఇది తెలిసిన దారే. ఎర్నాకుళం జెట్టీ నుంచి ఫోర్ట్ కొచ్చికి పడవలో ఇరవై నిమిషాల ప్రయాణం. 2024 నుంచి వాటర్ మెట్రో పడవలూ అక్కడికి నడుస్తున్నాయి. ఇక్కడి ఒడ్డు నడకకు బాగుంటుంది గానీ స్నానానికి అనువు కాదు. సముద్రస్నానం చేయాలనుకునేవారు వైపిన్ దీవిలోని చెరాయి బీచికి వెళ్తారు.

హోంస్టే బోర్డు పెట్టిన ప్రతిచోటా ఇంటివారు ఉండాలనేమీ లేదు. కొన్ని పేరుకే హోంస్టేలు, నడిపే తీరు మాత్రం లాడ్జీలదే. అందుకే డబ్బు కట్టేముందు రెండు ప్రశ్నలు అడగడం మంచిది: కుటుంబం అదే ఇంట్లో ఉంటోందా? పర్యాటక శాఖ ఇచ్చిన తరగతి ధ్రువపత్రం ఉందా? రెండింటికీ అవునన్న జవాబు వస్తే గది ఖాయం చేసుకోవచ్చు.