రోజూ చూసే చావుకి ఏడ్చేదెవరు?

‘రోజూ చచ్చేవాడికి ఏడ్చేవాడెవడు’ అని సామెత. రాత్రి భోజనాల వేళ టీవీలో హత్య కథనం నడుస్తూనే ఉంటుంది. “అమ్మా, ఇంకాస్త చారు పొయ్యి” అంటూ అన్నం కలుపుకుంటూనే ఉంటాం.

ఎందుకీ ఆకర్షణ?

ప్రమాదం ఎక్కడ పొంచి ఉందో తెలుసుకోవాలన్న కుతూహలం మనిషికి సహజం. నేరకథలు చూసినవారంతా నేరస్థులైపోతారని భయపడనక్కర్లేదు. భయంకర దృశ్యం చూడగానే శరీరంలో అడ్రినలిన్ ఊరుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఇంట్లో భద్రంగా కూర్చుని పడే భయం గనుక అదొక హుషారు.

అలవాటైతే?

పదే పదే చూస్తే ఆ స్పందన తగ్గుతుంది. ఈ గుణాన్ని వైద్యంలోనూ వాడతాం. బల్లి అంటే వణికిపోయేవారికి బల్లిని కొద్దికొద్దిగా అలవాటు చేసి భయం పోగొడతాం. అక్కడ పోయేది అక్కర్లేని భయం. ఇక్కడ పోయేది జాలి.

విచిత్రమేమంటే, జాలి తగ్గినా మన ప్రాణం మీద భయం తగ్గకపోవచ్చు. 2013లో అమెరికాలోని బోస్టన్ పరుగు పందెంలో బాంబులు పేలాయి. తర్వాతి వారంలో రోజుకు ఆరు గంటలు, అంతకు మించి ఆ వార్తలు చూసినవారిలో, పేలుళ్ల చోట ఉన్నవారికన్నా ఎక్కువ మానసిక ఒత్తిడి కనిపించిందని పరిశోధకులు తేల్చారు.

ఆ భయం లెక్క కూడా తప్పుతుంది. 2022లో మన దేశంలో నమోదైన హత్య కేసులు 28,522. అదే ఏడాది రోడ్డు ప్రమాదాల్లో పోయినవారు 1,68,491 మంది. రాత్రి తలుపు గడియ నాలుగుసార్లు చూసుకునే ఇంట్లోంచే, పొద్దున అబ్బాయి హెల్మెట్ లేకుండా బండెక్కుతాడు!

ఏం చేయాలి?

భోజనాల వేళ, నిద్రకు గంట ముందు నుంచి ఇలాంటివి కట్టిపెట్టండి.

చిన్నపిల్లల ఎదుట అసలు వద్దు. పొరపాటున చూస్తే కసరకండి. ఏం అర్థమైందో అడిగి, ధైర్యం చెప్పండి.

నిజమైన హత్య దృశ్యం ఫోనుకొస్తే మరొకరికి పంపకండి. పోయినవారికీ ఓ తల్లి ఉంటుంది. అది తిరిగి తిరిగి ఆమె ఫోనుకే చేరవచ్చు.

పీడకలలు, గుండెదడ, నిద్రలేమి రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించుకోండి. ప్రభుత్వ ‘టెలి మానస్’ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు; తెలుగులోనే మాట్లాడవచ్చు.

హత్య వార్త విని మనసు చివుక్కుమంటే అది బలహీనత అనుకోకండి. ఆరోగ్యంగా ఉన్నారనడానికి అదే గుర్తు.