ఎద్దుకు పళ్ళు, ఇంజనుకు పిస్టను

మా పళ్ళికొండ నుంచి వేలూరు పోయే దారిలో పొయ్‌గై ఉంది. మంగళవారం పశువుల సంతకు పెట్టింది పేరు. అక్కడ ఎద్దును కొనేవాడు కొమ్ముల రంగు చూసి డబ్బు తీయడు. నోరు తెరిచి పళ్ళు చూస్తాడు, నడిపించి చూస్తాడు. మా మేనల్లుడు మాత్రం రేసు ఇంజను కొనబోయి, దాని మోత విని మురిసిపోయాడు.

వాడికి ఇరుంగాట్టుకోట్టైలో బైకు రేసులో దిగాలని కోరిక. ఒకప్పుడు షోళవరం పాత రన్‌వే మీద రేసులు జరిగేవి. 1990లో వచ్చిన ఇరుంగాట్టుకోట్టై ట్రాకు, మా ఊరి మీదుగా చెన్నై పోయే రహదారి పక్కనే ఉంది. రేసుకని తయారుచేసిన యమహా ఆర్‌ఎక్స్ 100 ఇంజను ఒకటి అమ్మకానికి ఉందని వాడికి తెలిసింది. ఆ బండి మన దేశంలో 1985 నుంచి 1996 దాకా తయారైంది. ఎంత బాగున్నా పాత సరుకే.

"మామా, ఒక్క కిక్కుకే స్టార్టయింది! రేపే డబ్బు కట్టేస్తా" అన్నాడు.

అది మా అక్క చీటీ పాడి తెచ్చిన డబ్బు. నేను చాలా ఏళ్ళు లేత్ దగ్గర నిలబడ్డవాణ్ణి. "విప్పి చూపిస్తేనే బేరమని చెప్పరా" అన్నాను. విప్పి బిగించే కూలి మేమిస్తామంటే అమ్మేవాడు ఒప్పుకున్నాడు.

ఇలాంటి ఇంజనుకు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడిగి లాభం లేదు. క్రాంకు, పిస్టను మార్చాక ఎన్ని రేసులు నడిచిందో అడగాలి. ఎప్పుడూ నిండు వేగంలో తిరిగేదానికి ఆయుష్షు గంటల్లోనే లెక్క. ఇంజను నంబరు కాగితాలతో సరిపోవాలి.

తరువాత బోరు కొలవాలి. కంపెనీ లెక్కన బోరు, స్ట్రోకు రెండూ 50 మిల్లీమీటర్లు, అంటే 98 సి.సి. అరిగినప్పుడల్లా బోరు పెంచి పెద్ద పిస్టను వేస్తారు. 51కి చేరితే 102 సి.సి. అవుతుంది. రేసు తరగతికి పెట్టిన హద్దు దాటితే గెలిచినా తనిఖీలో పోతుంది.

కనెక్టింగ్ రాడ్డు పట్టుకుని ఆడించి చూడండి. పక్కలకు కొంచెం కదలడం మామూలే. కిందికీ మీదికీ ఆడితే బేరింగు పోయినట్టే.

అన్నిటికన్నా ముఖ్యం క్రాంకు ఆయిల్ సీళ్ళు. అవి చెడితే బయటి గాలి లోపలికి దూరుతుంది. గాలి పెరిగి పెట్రోలూ, దానితో వచ్చే ఆయిలూ చాలక, ఇంజను వేడెక్కి పిస్టను పట్టేస్తుంది. వేగంలో ఉండగా అలా జరిగితే వెనక చక్రం బిగుసుకుంటుంది. అది డబ్బుతో తీరే నష్టం కాదు.

మేం విప్పించిన ఇంజనులో పిస్టను మీద నిలువు గీతలు కనిపించాయి. రాడ్డు కిందికీ మీదికీ ఆడింది. క్రాంకు పని, పిస్టను, బోరింగు, సీళ్ళు అన్నీ కాగితం మీద కూడితే, అడిగిన ధరకు మరో సగం చేరింది. వాడి మొహం చిన్నబోయింది. డబ్బు తిరిగి అక్క చేతికి వెళ్ళింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

తరువాత కాగితాలున్న మామూలు ఇంజను కొని, ఇద్దరం కూర్చుని సిద్ధం చేశాం. ఇప్పుడు ప్రతి రేసుకూ ముందు హెడ్ విప్పి తానే చూసుకుంటాడు. మోత విని మురవడం మానలేదు గానీ, చూశాకే మురుస్తున్నాడు.