వార్తల్లో పదం: బర్సా

మోకాటి చిప్పకూ చర్మానికీ మధ్య ఒరిపిడి తగ్గించే పలుచని తిత్తి ప్రీపటెల్లార్ బర్సా. మోకాలి చుట్టూ పదికి పైగా బర్సాలున్నా, గని పనిలో ఎక్కువగా దెబ్బతినేది ఇదే. గంటల తరబడి మోకాళ్ల మీద ఆనితే నీరుపట్టి ఉబ్బుతుంది. బ్రిటన్ 1907లోనే ఈ వాపును ‘బీట్ నీ’ పేరుతో పరిహారం ఇవ్వాల్సిన గని జబ్బుల్లో చేర్చింది. మన సింగరేణి రామకృష్ణాపూర్‌లో బొగ్గు ఎత్తే తట్టా చెమ్మస్ (గంప, పార) పట్టిన తరం మోకాళ్ల గురించి మనం మాట్లాడింది తక్కువే.

ఈ తిత్తికి కీలు లోపలి భాగంతో సంబంధం ఉండదు. అందుకే వాచినా కాలు చాలావరకు ముడుచుకుంటుంది, మనిషి బొగ్గు బాయిలోకి దిగుతూనే ఉంటాడు. ప్రమాదమూ అక్కడే. గీరుకున్న చర్మం గుండా క్రిములు చేరితే ఎర్రబడి, వేడెక్కి, జ్వరం రావచ్చు. అప్పుడు ఆలస్యం చేయకూడదు: డాక్టరు సూదితో నీరు తీసి పరీక్షిస్తారు, యాంటీబయాటిక్స్ ఇస్తారు. క్రిములు లేని వాపు విశ్రాంతితో, మోకాటి ప్యాడ్లతో చాలావరకు తగ్గుతుంది.