ఇనుము మారినా చెదరని లెక్క

కొత్త సర్వర్ కొనడానికి డబ్బుంటే చాలు. ఆర్డరు పెడితే పెట్టె దిగుతుంది. చిక్కంతా పాత సర్వర్‌లో ఉన్నదాన్ని దాంట్లోకి మార్చడంలోనే. ఇరవై ఏళ్ల బిల్లులు, గోదాముల నిల్వలు, జీతాలు, రావలసిన బాకీలు, వాటన్నింటినీ నడిపే వేల ప్రోగ్రాములు అందులోనే ఉంటాయి. కొన్ని ప్రోగ్రాములు రాసినవాళ్లు ఉద్యోగం మానేసి ఎప్పుడో వెళ్లిపోయి ఉంటారు. కొన్నింటికి సోర్స్ కోడ్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఏ ప్రోగ్రామైనా చివరికి ఒక ప్రాసెసర్‌కు మాత్రమే అర్థమయ్యే ఆజ్ఞల వరుసగా మారుతుంది. ప్రాసెసర్ రకం మారితే ఆ ఆజ్ఞలు చెల్లవు. మళ్లీ కంపైల్ చేయాలి, చాలాచోట్ల మళ్లీ రాయాలి. అంతవరకు వ్యాపారం ఆగదు కదా.

ఈ చిక్కును ముందే ఊహించి, విరుగుడును తన పునాదిలోనే పెట్టుకుని పుట్టిన కంప్యూటర్ ఒకటుంది. 1978లో ఐబీఎం దాన్ని సిస్టమ్/38 పేరుతో ప్రకటించింది. 1988లో ఏఎస్/400 అయింది. తర్వాత ఐసిరీస్, సిస్టమ్ ఐ అనే పేర్లు మార్చుకుంటూ, ఇవాళ ఐబీఎం పవర్ సర్వర్ల మీద 'ఐబీఎం ఐ' అనే ఆపరేటింగ్ సిస్టమ్‌గా నడుస్తోంది. కంప్యూటర్ల చరిత్ర చెప్పేటప్పుడు అందరూ పీసీని, యునిక్స్‌ను, ఇంటర్నెట్‌ను తలుచుకుంటారు. ఈ యంత్రానికి దక్కాల్సిన పేరు దక్కలేదని నేను గట్టిగా నమ్ముతాను.

దీని పుట్టినూరు అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని రాచెస్టర్. మేయో క్లినిక్ వల్ల ప్రపంచానికి తెలిసిన ఊరది. ఐబీఎం అక్కడ 1950లలో ఒక పెద్ద కర్మాగారం కట్టింది. ఆర్కిటెక్ట్ ఈరో సారినెన్ దానికి నీలిరంగు గోడలు పెట్టాడు. కంపెనీ ప్రధాన కార్యాలయానికీ, మెయిన్‌ఫ్రేములు తయారయ్యే కేంద్రాలకూ అది బాగా దూరం. ఆ దూరం రాచెస్టర్ ఇంజినీర్లకు కొంత స్వేచ్ఛనిచ్చింది. చిన్న, మధ్య తరహా వ్యాపారాల కోసం వాళ్లు 1969లో సిస్టమ్/3 తెచ్చారు. ఆ కొనుగోలుదారుల పరిస్థితి వేరు. పెద్ద బ్యాంకుకు ఉన్నట్టు వాళ్లకు పదుల సంఖ్యలో సిస్టమ్ ఇంజినీర్లు ఉండరు. చాలాచోట్ల ఒకరే ప్రోగ్రామరు, ఆయనే ఆపరేటరు. యంత్రం మార్చిన ప్రతిసారీ ప్రోగ్రాములన్నీ తిరగరాయాలంటే ఆ ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు.

అదే సమయంలో ఐబీఎం లోపల 'ఫ్యూచర్ సిస్టమ్స్' అనే భారీ ప్రాజెక్టు నడిచింది. మెయిన్‌ఫ్రేములన్నింటినీ పక్కనపెట్టి సరికొత్త నిర్మాణం తేవాలన్నది దాని లక్ష్యం. 1975లో దాన్ని ఆపేశారు. అందులోని ఆలోచనలు కొన్ని మాత్రం రాచెస్టర్‌లో బతికాయి. అయోవా స్టేట్ యూనివర్సిటీలో డాక్టరేట్ చేసిన ఫ్రాంక్ సోల్టిస్, తోటి ఇంజినీర్లతో కలిసి వాటికి ఒక చిన్న వ్యాపార యంత్రంలో రూపమిచ్చాడు. అదే సిస్టమ్/38.

అందులో అసలు కిటుకు ఇది. ప్రోగ్రామరు ఆర్‌పీజీ, కోబాల్ లాంటి భాషల్లో రాసినదాన్ని కంపైలర్ నేరుగా ప్రాసెసర్ ఆజ్ఞలుగా మార్చదు. మధ్యలో ఒక ఊహా యంత్రం ఉంటుంది. దానికి ఫైలు, ప్రోగ్రాము, వరుస, సూచిక లాంటి పెద్ద వస్తువులతో పనిచేసే ఆజ్ఞలే తప్ప, రిజిస్టర్లెన్ని, చిప్పు ఏ రకం అన్న సంగతులు తెలియవు. కంపైలర్ ఈ మధ్య భాషలోకి మాత్రమే మారుస్తుంది. అక్కడి నుంచి అసలు ప్రాసెసర్ ఆజ్ఞలుగా మార్చే పనిని యంత్రం అడుగు పొరలో దాగిన అనువాదకుడు చేస్తాడు. ఆ అడుగు పొరను ముట్టుకునే దారి కొనుగోలుదారుకు లేదు, ఏ ప్రోగ్రామరుకూ లేదు. ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, పొర కింద ఏముందో ఎవరికీ తెలియనప్పుడే రేపు దాన్ని మార్చగలం.

రెండో సంగతి మెమరీ. మామూలు కంప్యూటర్‌లో మెమరీ వేరు, డిస్కు వేరు. ప్రోగ్రాము ఫైలు తెరవాలి, చదివి మెమరీలోకి తెచ్చుకోవాలి, మళ్లీ రాయాలి. సిస్టమ్/38లో ఈ రెండూ కలిసి ఒకే విశాలమైన చిరునామా ప్రదేశం. ప్రతి వస్తువుకూ ఒక చిరునామా ఉంటుంది. అది ఆ క్షణాన డిస్కులో ఉందో మెమరీలో ఉందో చూసుకోవడం యంత్రం పని. అప్పటి మెయిన్‌ఫ్రేముల్లో చిరునామాకు 24 బిట్లు, అంటే సుమారు 1.67 కోట్ల బైట్లకు చాలేంత. సిస్టమ్/38 ఏకంగా 48 బిట్లు తీసుకుంది. అది 281 లక్షల కోట్ల బైట్లకు చాలుతుంది. చిరునామాను దాచుకునే పాయింటర్‌కు మాత్రం 48 బిట్లతో సరిపెట్టకుండా 16 బైట్లు, అంటే 128 బిట్ల చోటు కేటాయించారు. మెమరీ బంగారం ధర పలికే రోజుల్లో అది దుబారాగానే కనిపించి ఉంటుంది. ఆ చోటు విలువ ఏమిటో పదిహేడేళ్ల తర్వాత తెలిసింది.

మూడోది డేటాబేస్. అంతవరకు డేటాబేస్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ పైన విడిగా కొని పెట్టుకునే సాఫ్ట్‌వేర్. ఇక్కడ రిలేషనల్ డేటాబేస్ యంత్రంలోనే అంతర్భాగం. సర్వర్ మార్చినప్పుడు డేటాబేస్‌ను విడిగా ఎక్కించి, వెర్షన్లు సరిపోయాయా అని తల పట్టుకునే బాధ దాంతో తప్పింది.

1978 అక్టోబరులో ప్రకటించిన ఈ యంత్రం అనుకున్న సమయానికి సిద్ధం కాలేదు. కొనుగోలుదారులకు 1980లో అందింది. విదేశీ మారకద్రవ్యానికి సంబంధించిన ఫెరా చట్టం నిబంధనలకు ఒప్పుకోక ఐబీఎం మన దేశం వదిలి వెళ్లిందీ 1978లోనే. 1992లో టాటాలతో కలిసి తిరిగొచ్చింది. అందుకే మన కంపెనీలు ఈ వంశాన్ని దగ్గరగా చూసింది ఏఎస్/400 రోజుల్లోనే.

ఆ ఏఎస్/400 కథ కొంచెం త్వరగా చెప్పుకోవచ్చు. 1980లలో రాచెస్టర్‌లో రెండు కుటుంబాలుండేవి. తెలివైన సిస్టమ్/38 ఒకటి, ఎక్కువమంది కొన్న సిస్టమ్/36 మరొకటి. ఐబీఎం మధ్యతరహా యంత్రాలన్నింటినీ ఒకటి చేయాలన్న 'ఫోర్ట్ నాక్స్' ప్రయత్నం 1985లో కుప్పకూలింది. రాచెస్టర్ బృందం 'సిల్వర్‌లేక్' అన్న రహస్య నామంతో ఈ రెండింటినే కలిపే పని నెత్తిన వేసుకుని, మూడేళ్లలోపే ముగించింది. 1988 జూన్ 21న ఏఎస్/400 బయటికొచ్చింది. రెండు పాత యంత్రాల ప్రోగ్రాములూ దానిపై నడిచాయి. 1990లో ఐబీఎం రాచెస్టర్‌కు అమెరికా ప్రభుత్వ నాణ్యతా పురస్కారం మాల్కమ్ బాల్డ్రిజ్ అవార్డు వచ్చింది.

అసలు పరీక్ష 1995లో ఎదురైంది. ఏఎస్/400 ప్రాసెసర్ అప్పటికి పాత తరం సిస్క్ రకం, 48 బిట్లది. ప్రపంచం సరళమైన ఆజ్ఞలతో పనిచేసే రిస్క్ ప్రాసెసర్ల వైపు నడుస్తోంది. ఐబీఎం యాజమాన్యం పవర్‌పీసీ అనే రిస్క్ రకాన్ని వాడమంది. రాచెస్టర్ ఇంజినీర్లు మొదట ఒప్పుకోలేదు. వాళ్ల అభ్యంతరంలో న్యాయముంది. పాయింటర్‌ను ఎవరూ దొంగచాటుగా మార్చకుండా కాపాడేందుకు వాళ్ల మెమరీలో ప్రత్యేకమైన ట్యాగ్ బిట్లు ఉంటాయి. మామూలు డేటాలా దాన్ని చెరిపితే ట్యాగ్ పోతుంది, పాయింటర్ చెల్లదు. మామూలు పవర్‌పీసీకి ఈ సంగతి తెలియదు. చివరికి వాళ్ల అవసరాలకు తగ్గ ఆజ్ఞలు చేర్చి, 64 బిట్లకు పెంచి, పవర్‌పీసీ ఏఎస్ అనే రూపం తయారైంది. అడుగు పొర సాఫ్ట్‌వేర్‌లో అధిక భాగం సీ++లో కొత్తగా రాశారు.

కొనుగోలుదారు చేసింది మాత్రం ఇంతే. పాత యంత్రంలోని లైబ్రరీలను టేపుల మీదికి ఎత్తాడు. కొత్త యంత్రంలోకి దింపాడు. ప్రతి ప్రోగ్రాములోనూ దాచి ఉంచిన మధ్య భాషను యంత్రం బయటికి తీసి, పవర్‌పీసీ ఆజ్ఞలుగా మళ్లీ అనువదించుకుంది. 48 బిట్ల కాలంలో కంపైల్ చేసిన ప్రోగ్రాము, సోర్స్ కోడ్ ముట్టుకోకుండానే, 64 బిట్ల యంత్రంలో నడిచింది. పాయింటర్‌లో అప్పుడు వదిలిన ఖాళీలోనే పెరిగిన చిరునామా సర్దుకుంది. మిగతా కంపెనీల యంత్రాల్లో 32 నుంచి 64 బిట్లకు వెళ్లడానికి ప్రోగ్రాములను మళ్లీ కంపైల్ చేసి, పాయింటర్ల పొడవు మారినచోటల్లా తప్పులు వెతుక్కోవాల్సి వచ్చింది.

అయితే అందరికీ ఇంత సాఫీగా జరగలేదు. ప్రోగ్రాము వెంట మధ్య భాషను ఉంచుకోవడానికి డిస్కు చోటు ఖర్చవుతుంది. అలా ఉంచుకున్న సమాచారాన్నే 'అబ్జర్వబిలిటీ' అనేవారు. చోటు మిగుల్చుకోవడానికి కొందరు దాన్ని తీసేశారు. తమ పనితనం ఇతరులు చూడకూడదని కొన్ని సాఫ్ట్‌వేర్ సంస్థలూ తీసేసి అమ్మాయి. కుట్టిన చొక్కా ఉంచుకుని, కొలతల చీటీ చింపేసినట్టు అయింది. పాత యంత్రంలో అవి ఏ లోటూ లేకుండా నడిచాయి. కొత్తదానికి మార్చబోతే అనువదించడానికి ఏమీ లేదు. సోర్స్ కోడ్ ఉన్నవాళ్లు మళ్లీ కంపైల్ చేసుకున్నారు, లేనివాళ్లు అమ్మిన సంస్థను వెతుక్కుంటూ వెళ్లారు. మళ్లీ 2008లో ఐబీఎం ఐ 6.1 వచ్చినప్పుడూ ప్రోగ్రాములన్నీ మార్పిడి కావాల్సి వచ్చింది. ఈసారి ఏవి మారతాయో ఏవి మారవో ముందే జాబితా ఇచ్చే సాధనాన్ని ఐబీఎం పాత వెర్షన్లలోనే అందించింది. 2001లో వచ్చిన వీ5ఆర్1 వెర్షన్ నుంచి తయారైన ప్రోగ్రాముల్లో మార్పిడికి కావలసిన సమాచారం ఎప్పుడూ ఉండేలా కట్టుదిట్టం చేసింది. ఆ సమాచారాన్ని చెరిపే అవకాశం మొదటి నుంచీ ఇవ్వకుండా ఉండాల్సిందని నా అభిప్రాయం.

ఈ నిర్మాణం చేయలేనిదీ ఒకటుంది. ప్రోగ్రామును అది నమ్మకంగా మోస్తుంది, అందులోని తప్పుతో సహా. సంవత్సరాన్ని రెండంకెలతో దాచిన ప్రోగ్రాము ఎంత కొత్త ప్రాసెసర్‌పైకి వెళ్లినా రెండంకెలతోనే ఉంటుంది. 2000 సంవత్సరం ముంచుకొస్తుంటే ఆ తప్పుల్ని వరుస వరుసకూ వెతికి సరిచేయడానికి మనుషులే కావాల్సి వచ్చారు. హైదరాబాద్ అమీర్‌పేటలో కోబాల్, మెయిన్‌ఫ్రేములు నేర్చుకుని 1990ల చివర్లో అమెరికా వెళ్లిన తెలుగువాళ్లలో చాలామందికి మొదటి ఉద్యోగం అదే. తాము పుట్టకముందో, బడికెళ్లే రోజుల్లోనో ఎవరో రాసిన లెక్కల్ని చదివి బాగుచేసిన ఆ పనికి మనం ఇంకా సరైన చరిత్ర రాసుకోలేదు.

తిరగరాయాల్సిన అవసరం రాకపోవడం వల్ల ఇంకో నష్టమూ జరిగింది. ముప్పై ఏళ్ల కిందటి నిలువు గళ్ల ఆర్‌పీజీ ఇప్పటికీ నడుస్తోంది, దాన్ని చదవగలిగినవాళ్లు మాత్రం పదవీ విరమణ చేస్తున్నారు. 2013 నుంచి ఆర్‌పీజీని నేటి భాషల్లా దాదాపు గళ్లతో పనిలేకుండా రాసే వీలొచ్చింది. యువత దాన్ని త్వరగానే పట్టుకుంటారు. కానీ పాత కోడ్‌లోని వ్యాపార నియమం ఎందుకు అలా ఉందో చెప్పే మనిషి దొరకడమే కష్టం.

2025లో పవర్11 ప్రాసెసర్లు, ఐబీఎం ఐ 7.6 వచ్చాయి. ఇప్పుడు పాత సర్వర్ నుంచి వాటికి మారే కంపెనీకి ప్రోగ్రాముల మార్పిడి గురించి పెద్ద దిగులు ఉండదు. ఆలస్యమయ్యేది వేరేచోట్ల. బయట కొన్న ప్యాకేజీల లైసెన్సు కీలు చాలావరకు పాత యంత్రం సీరియల్ నంబరుతో ముడిపడి ఉంటాయి. కొత్త కీలు ముందే తెప్పించుకోకపోతే ఆదివారం రాత్రి ఎవరూ ఇవ్వరు. డేటాబేస్ సూచికలను టేపు మీదికి ఎత్తకపోతే కొత్త యంత్రం వాటిని మొదటి నుంచీ కట్టుకుంటుంది. పెద్ద ఫైళ్లకు దానికే గంటలు పడుతుంది. అనుభవమున్నవాళ్లు అసలు మార్పిడికి ముందే ఒకసారి నకలు మీద మొత్తం పని చేసి చూస్తారు. ఒకే నెలాఖరు లెక్కను పాత యంత్రంలోనూ కొత్తదానిలోనూ నడిపి, రెండు మొత్తాలూ పైసాతో సహా కలిశాకే అసలు మార్పిడికి తేదీ పెడతారు.